నాన్నగారి ఆర్‌ఎక్స్ 100 దానంతటదే రేజ్ అవుతుంటే: రీబోరు కంటే ముందు చూడాల్సినవి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: 1992 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100, ఎనిమిదేళ్లు షెడ్డులో పడి ఉంది. ట్యాంకు కడిగించి, కొత్త పెట్రోలు పోసి, కార్బొరేటర్ శుభ్రం చేయించాక స్టార్ట్ అయింది. రెండు మూడు నిమిషాలకే యాక్సిలరేటర్ ముట్టుకోకుండా రేజ్ పెరిగిపోయి ఆగిపోతోంది. చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతోంది. మెకానిక్ రీబోరు, అంటే సిలిండర్ లోపలి గోడను కాస్త పెద్దది చేసి పెద్ద సైజు పిస్టన్ వేయడం, అంటున్నారు. ఆయిల్ ఎంత కలపాలి, ఆ పాత శబ్దం, ఆ పాత వాసన మళ్లీ వస్తాయా అని కూడా అడిగారు.

రీబోరు ఇప్పుడే వద్దు. ఈ రేజ్ ఎందుకో తేలేదాకా బండిని స్టార్ట్ చేయడం కూడా వద్దు. బోరు అరిగిపోయిన ఇంజిన్ లాగదు, కిక్ మెత్తగా దిగుతుంది, అంతేగానీ దానంతటది రేజ్ అవదు. మీరు చెప్పిన లక్షణం టూ స్ట్రోక్ బండ్లలో ఎక్కువగా ఒక చోటికే వేలు చూపిస్తుంది: ఇంజిన్లోకి ఎక్కడి నుంచో దొంగగాలి వస్తోంది. యాక్సిలరేటర్ కేబులు ఇరుక్కోలేదని, కార్బొరేటర్లో స్లైడు పూర్తిగా కిందికి దిగుతోందని ముందు ఒకసారి చూసుకోండి. అవి బాగుంటే అనుమానం నేరుగా క్రాంకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలితే తిరిగే ఇరుసు) సీళ్ల మీదికే.

ఎందుకంటే, ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లో పిస్టన్ కింద ఉండేది ఆయిల్ తొట్టి. టూ స్ట్రోక్‌లో పిస్టన్ కింద ఉండేది ఒక పంపు. పిస్టన్ పైకెళ్తే కింద క్రాంక్‌కేసులో ఖాళీ ఏర్పడి రీడ్ వాల్వ్ (లోపలికి మాత్రమే తెరుచుకునే పలచటి రేకు) గుండా పెట్రోలు, గాలి, ఆయిల్ కలిసి లోపలికి వస్తాయి. పిస్టన్ దిగితే ఆ మిశ్రమమే ఒత్తిడికి పక్క దారుల్లోంచి పైకి ఎగదన్నుకుంటుంది. ఈ పంపు పనిచేయాలంటే క్రాంక్‌కేసు సీసా మూత బిగించినట్టు ఉండాలి. దానికి రెండు వైపులా క్రాంకు కొసలు బయటికి వస్తాయి, ఒక్కో కొసకు ఒక రబ్బరు సీలు. బండి రోజూ తిరిగితే సీలు పెదవి ఆయిల్‌తో తడిగా, మెత్తగా ఉంటుంది. ఎనిమిదేళ్లు కదలకుండా ఉంటే అది ఎండి, క్రాంకుకు అతుక్కుని, మొదటి కిక్‌కే చిరుగుతుంది.

ఎడమ వైపు, అంటే మాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి వస్తుంది. పెట్రోలు అంతే, గాలి ఎక్కువ. మిశ్రమం పలచబడి రేజ్ పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, పిస్టన్ ఉబ్బి బోరును పట్టేస్తుంది. చల్లారితే వదులుతుంది. మీ బండి చేస్తున్నది ఇదేనని నా అంచనా. కుడి వైపు, క్లచ్ దగ్గరి సీలు పోతే కథ వేరు: గేర్ ఆయిల్ లోపలికి పీల్చుకుని తెల్లటి మందపు పొగ వదులుతుంది, ప్లగ్గు నల్లగా తడిసిపోతుంది, గేర్ బాక్సులో ఆయిల్ తగ్గుతూ ఉంటుంది. అయితే ఒక మినహాయింపు. ఏళ్ల తరబడి నిలిపిన బండి అడుగున పాత ఆయిల్ పేరుకుని ఉంటుంది కాబట్టి మొదటి పది పదిహేను నిమిషాల పొగను లెక్కలోకి తీసుకోకండి.

అంచనాతో విప్పడం ఎందుకు, లీకు పరీక్ష చేయండి. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. చేతికి కట్టి బీపీ చూసే గడియారం రకం పరికరం ఇంట్లో ఉంటే దాని రబ్బరు బల్బు, డయల్ చాలు. ఆ డయల్ మీద 300 అంటే దాదాపు 5.8 పిఎస్‌ఐ. ఈ పరీక్షకు కావాల్సింది సరిగ్గా 5 నుంచి 6 పిఎస్‌ఐ. సైకిల్ పంపుతో, పంక్చర్ షాపు కంప్రెసర్‌తో మాత్రం చేయకండి. ఒక్క ఊదుకు ఒత్తిడి ఎంతకు పోతుందో తెలియదు, బాగున్న సీలు కూడా తన గూట్లోంచి బయటికి తన్నుకొస్తుంది.

చేసే పద్ధతి ఇది. సైలెన్సర్ విప్పి, సిలిండర్ ముందున్న పొగ దారికి పాత ట్యూబు ముక్క పెట్టి, దానిమీద రేకు ముక్క వేసి అవే నట్లతో బిగించండి. కార్బొరేటర్ తీసి, ఆ మూతికి గట్టి రబ్బరు బిరడా పెట్టి క్లిప్పు బిగించండి. బిరడాకు చిన్న బెజ్జం చేసి బీపీ ట్యూబు దూర్చండి. టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ పంపు నుంచి వచ్చే సన్నటి పైపును ఇంజిన్ వైపు మూసేయండి, చాలామంది ఇది మరిచిపోయి లేని లీకు కోసం వెతుకుతారు. ప్లగ్గు బిగించే ఉంచి, నాలుగో గేరులో వెనక చక్రం తిప్పుతూ పిస్టన్‌ను అడుగుకు దించండి. అప్పుడు పైభాగం, కింది భాగం రెండూ కలిసి ఒకే గది అవుతాయి. నెమ్మదిగా బల్బు నొక్కుతూ 260 దగ్గర ఆపి, వాచీ చూడండి. నిమిషంలో ముల్లు 50 లోపే దిగితే ఇంజిన్ బాగున్నట్టు. చూస్తుండగానే సున్నాకు జారితే లీకు పెద్దదే.

ఎక్కడో తెలుసుకోవడానికి అంట్లు తోమే సబ్బు నీళ్లలో కలిపి కుంచెతో పూయండి. హెడ్డు చుట్టూ, సిలిండర్ కింది ప్యాకింగ్ దగ్గర, కార్బొరేటర్ మూతి సిలిండర్‌ను కలిసే చోట. తర్వాత మాగ్నెట్ మూత తీసి, మాగ్నెట్ వెనకాల నురగ పోయండి. బుడగలు అక్కడ లేస్తే సీలు దొరికినట్టే. కుడి సీలు కోసం గేర్ ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద సబ్బు పొర పట్టించండి. ఒత్తిడి గేర్ బాక్సులోకి కారుతుంటే ఆ పొర గుమ్మడికాయలా ఉబ్బుతుంది. పది నిమిషాల పని, ఒక రీబోరు ఖర్చు మిగులుతుంది.

మాగ్నెట్ వైపు సీలు మార్చడం పెద్ద పని కాదు. మాగ్నెట్‌ను దాని మరకు సరిపోయే పుల్లర్‌తోనే తీయించండి. సుత్తితో పక్క నుంచి కొట్టి ఊడదీస్తే క్రాంకు వంకర తిరుగుతుంది, ఆ తర్వాత ఎన్ని సీళ్లు మార్చినా నెలకొకటి పోతూనే ఉంటుంది. కాయిల్ ప్లేటు విప్పేముందు అది ఎక్కడుందో కేసు మీద సన్నగా గీత గీయండి, మళ్లీ అక్కడే బిగించాలి, లేకపోతే టైమింగ్ మారుతుంది. కొత్త సీలు పెదవికి కొంచెం గ్రీజు రాసి, సీలు బయటి కొలతకే సరిపోయే పైపు ముక్క పెట్టి వంకర లేకుండా దించాలి. క్లచ్ వైపు సీలు కూడా పోతే, క్రాంకు కొసలు పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. కాస్త కదలిక ఉన్నా కేసు విప్పి మెయిన్ బేరింగులు, సీళ్లు అన్నీ ఒకేసారి మార్చేయడం మేలు. నిలిపిన బండి బేరింగులకు తుప్పు చుక్కలు పడి ఉంటాయి, అవి మోగడానికి ఎక్కువ రోజులు పట్టదు.

ఇప్పుడు రీబోరు సంగతి. సిలిండర్ విప్పి పిస్టన్‌ను చూడకుండా రీబోరు అనే మాట ఎవరూ అనకూడదు. ఆర్‌ఎక్స్ 100 బోరు 50 మి.మీ., స్ట్రోక్ కూడా 50 మి.మీ., అందుకే 98 సీసీ. పిస్టన్ మీద గీతలు ఎక్కడున్నాయో చూస్తే జబ్బు తెలిసిపోతుంది. పొగ దారి వైపు మాత్రమే గీతలుంటే పలచటి మిశ్రమం లేదా ఆయిల్ కరువు. నాలుగు మూలల్లో నాలుగు పట్టీల్లా ఉంటే చల్లటి ఇంజిన్‌ను వెంటనే రేజ్ చేశారు, లేదా గతంలో లేత్ వాళ్లు బిగుతుగా బోరు కొట్టారు. అల్యూమినియం పిస్టన్ త్వరగా ఉబ్బుతుంది, ఇనుప లైనరు నిదానంగా ఉబ్బుతుంది, ఆ తేడాలో పట్టేస్తుంది. గీతలు తేలికగా ఉండి, గోరు పెట్టి గీస్తే తగలకపోతే, బోరుకు అంటిన అల్యూమినియాన్ని సన్నటి ఎమెరీతో అడ్డంగా రుద్ది తీసి, కొత్త రింగులు వేసి నడపొచ్చు. రింగును ఒంటరిగా బోరులోకి దించి, కొసల మధ్య సందు ఫీలర్ గేజీతో కొలవండి. 0.15 నుంచి 0.35 మి.మీ. లోపల ఉండాలి.

గోరుకు తగిలేలా గాడి పడితేనే రీబోరు. సైజులు 0.25 చొప్పున పెరుగుతాయి: 50.25, 50.50, 50.75, 51.00. ముందు పిస్టన్ కొని, దాన్ని చేతికిచ్చి దానికి తగ్గట్టు బోరు కొట్టమనాలి. బోరు కొట్టి పిస్టన్ వెతుక్కోవడం తలకిందుల పని. పిస్టన్‌కు బోరుకు మధ్య సందు 0.04 మి.మీ. దగ్గర ఉండేలా అడగండి. బోరు అయ్యాక సిలిండర్ గోడలో ఉన్న దారుల అంచులు కత్తిలా ఉంటాయి. వాటిని సన్నటి ఆకురాయితో కొంచెం కొంచెం మొద్దు చేయించడం తప్పనిసరి. ఈ ఒక్క పని ఎగ్గొట్టినందుకే కొత్త రింగు దారికి తట్టుకుని విరిగి, వారం తిరక్కుండా సిలిండర్ మళ్లీ లేత్ మెట్లెక్కుతుంది. పిస్టన్ తల మీది బాణం గుర్తు పొగ దారి వైపు ఉండాలి, రింగు కొసలు గాడిలోని పిన్నుకు రెండు పక్కలా కూర్చోవాలి.

ఆయిల్ లెక్కకు వద్దాం. ఆర్‌ఎక్స్ 100కి ఆటోలూబ్ ఉంది. వేరే ట్యాంకులో టూటీ ఆయిల్ పోస్తే పంపు తనే లాగి ఇంజిన్‌కు ఇస్తుంది. యాక్సిలరేటర్ తిప్పిన కొద్దీ ఎక్కువ, స్లోలో చాలా తక్కువ. చాలా షాపుల్లో ‘పంపు నమ్మలేం’ అని దాన్ని కట్టేసి పెట్రోల్లోనే కలపమంటారు. నా ఓటు పంపుకే. ఊళ్లో మెల్లగా తిరిగేటప్పుడు ప్లగ్గు మసిబారకుండా ఉండేది, సైలెన్సర్ త్వరగా పూడకుండా ఉండేది దాని వల్లనే. కానీ ఎనిమిదేళ్లు ఎండిన పంపు పైపులో గాలి ఉంటుంది. పంపు మీదున్న చిన్న బ్లీడింగ్ స్క్రూ విప్పి, బుడగలు ఆగి శుభ్రంగా ఆయిల్ కారే దాకా వదిలి, వాషరుతో బిగించండి. యాక్సిలరేటర్ కేబులు మధ్యలో రెండుగా చీలి ఒకటి కార్బొరేటర్‌కు, ఒకటి పంపుకు వెళ్తుంది. పంపు చక్రం మీది గుర్తు పిన్నుకు ఎదురుగా నిలుస్తోందో లేదో చూసి కేబులు సర్దాలి.

పంపు పనిచేస్తోందని రుజువయ్యే దాకా మొదటి ట్యాంకు పెట్రోల్లో కూడా 50కి 1 వంతున, అంటే లీటరుకు 20 మి.లీ. కలపండి. కాస్త పొగ ఎక్కువ వస్తుంది, రానివ్వండి. ఆయిల్ ట్యాంకు మీద పెన్నుతో గీత పెట్టుకుని 200 కి.మీ. తిరగండి. లీటరుకు 40 కి.మీ. లెక్కన 5 లీటర్లు కాలుతుంది, సుమారు 100 మి.లీ. ఆయిల్ తగ్గి ఉండాలి. గీత కదలకపోతే పంపు పనిచేయడం లేదు. పంపు లేకుండా కలిపే పద్ధతే పెట్టుకుంటే 40కి 1, లీటరుకు 25 మి.లీ. చాలు. కొత్త బోరుకు మొదటి 500 కి.మీ. మాత్రం లీటరుకు 40 మి.లీ. కలిపి, ఒకే స్పీడులో పట్టి లాగకుండా మార్చి మార్చి నడపాలి. ‘ఆయిల్ ఎక్కువైతే ఇంజిన్‌కు మంచిదే’ అనుకుని దోసెడు పోసేవాళ్లున్నారు. ఆయిల్ పెరిగితే అదే కొలత ద్రవంలో పెట్రోలు తగ్గుతుంది, మిశ్రమం పలచబడుతుంది. మంచి చేయబోయి వేడి పెంచినట్టు.

ఆయిల్ డబ్బా మీద జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎఫ్‌సి గానీ ఎఫ్‌డి గానీ ఉన్నది కొనండి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్ పొరపాటున కూడా వద్దు, అది కాలేందుకు చేసింది కాదు, మసి కడుతుంది. వాసన అడిగారు కదా: ఆ రోజుల్లో బండి వెనక వీధంతా నిలిచిన ఆ వాసన అప్పటి మందపాటి మినరల్ ఆయిల్ సగం కాలి బయటికొచ్చినది. ఇప్పటి తక్కువ పొగ ఆయిల్ శుభ్రంగా కాలుతుంది కాబట్టి వాసన అంత రాదు. దానికోసం ఆముదం కలపమని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. రేసు బండ్లకు ఆముదం ఆయిల్ వాడిన మాట నిజమే, వాటిని ప్రతి రేసు తర్వాతా విప్పి కడుగుతారు. రోజువారీ బండిలో అది జిగురై రింగులను గాడిలో అతికించేస్తుంది.

నాన్నగారి రోజులకూ ఇప్పటికీ ఉన్న అసలు తేడా పెట్రోల్లో ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ కాలడానికి గాలి తక్కువ చాలు, కాబట్టి పాత జెట్టుతోనే (కార్బొరేటర్లో పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రపు ఇత్తడి ముక్క) నడిపితే ఇంజిన్ లెక్కలో మిశ్రమం పలచనైనట్టే. ఫోర్ స్ట్రోక్‌కు ఇది కాస్త మైలేజీ తగ్గడం, టూ స్ట్రోక్‌కు పిస్టన్ పట్టేయడం. లీకులన్నీ మూసిన తర్వాతే, ముందు కాదు, మెయిన్ జెట్టు మీదున్న అంకె చూసి దానికంటే ఒక సైజు పెద్దది వేయండి. వేడెక్కిన బండిని ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో ముప్పాతిక యాక్సిలరేటర్‌తో ఒక కిలోమీటరు లాగి, క్లచ్ పట్టి వెంటనే తాళం ఆపేసి ప్లగ్గు విప్పండి. కొస కాఫీ పొడి రంగులో ఉంటే సరి. సున్నంలా తెల్లగా ఉంటే ఇంకొక సైజు పెంచండి. నల్లగా తడిగా ఉంటే వెనక్కి రండి. ప్లగ్గు మర పొడవు 12.7 మి.మీ. ఉన్న పొట్టి రకమే వేయాలి. పొడుగు మర ప్లగ్గు బిగిస్తే పిస్టన్ తలకు తగులుతుంది. కొసల సందు 0.6 నుంచి 0.7.

ఇథనాల్ తేమను లాగుతుంది. పాత పెట్రోలు పైపు, ట్యాప్ వాషర్లు, కార్బొరేటర్ గిన్నె ప్యాకింగ్ కొత్తవి వేయించండి. కలిపిన పెట్రోలును రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉంచకండి. బండిని నెలల తరబడి నిలపాల్సివస్తే ట్యాప్ ఆపి, కార్బొరేటర్ గిన్నె ఖాళీ అయ్యే దాకా నడిపి ఆపండి.

శబ్దం విషయం. స్లోలో ఆ ఆగి ఆగి కొట్టే లయ ఉంది చూశారూ, అది లోపం కాదు. యాక్సిలరేటర్ మూసినప్పుడు సిలిండర్లో కాలిన పొగ పూర్తిగా బయటికి పోదు. అందుకని ఒక దెబ్బ అంటుకోదు, తర్వాతి దెబ్బకు కాస్త కొత్త మిశ్రమం చేరి అంటుకుంటుంది. ఒకసారి తిప్పగానే అన్ని దెబ్బలూ అంటుకుని ఆ లయ గీతలా సాగిపోతుంది. 103 కిలోల బండికి 7500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్ పవర్. ఆ పికప్ జ్ఞాపకానికి మూలం అదీ, రీడ్ వాల్వూ, సైలెన్సర్ ఆకారమూ. సైలెన్సర్ పొట్ట దగ్గర లావై కొసకు సన్నబడేది అందం కోసం కాదు. బయటికి పోబోయే మిశ్రమాన్ని పొగ తరంగం అక్కడ తగిలి వెనక్కి నెడుతుంది. అందుకే లోపలి పైపు పీకేసి, రంధ్రాలు పెంచి శబ్దం తెప్పించేవాళ్లు నిజానికి లాగుడు పోగొట్టుకుంటున్నారు, మిశ్రమం కూడా చెడుతుంది. పైగా తెలుగు రాష్ట్రాల్లో పోలీసులు అలాంటి సైలెన్సర్లను ఊడదీసి రోడ్డు రోలరు కింద తొక్కించిన సందర్భాలున్నాయి.

పాత శబ్దం కావాలంటే పాత సైలెన్సర్‌నే శుభ్రం చేయండి. వెనక కొసలో స్క్రూ తీస్తే లోపలి పైపు బయటికొస్తుంది. దాన్ని బొగ్గుల మీద ఎర్రగా కాల్చి తడితే మసి పెళ్లలుగా రాలుతుంది. సైలెన్సర్ ఒంటికి కాస్టిక్ సోడా నీళ్లు: ఒక కొసను బిరడాతో మూసి, లీటరు నీళ్లకు 200 గ్రాముల చొప్పున కలిపిన ద్రవం పోసి రాత్రంతా ఉంచి, ఎక్కువ నీళ్లతో కడగండి. ముందు నీళ్లు, అందులో సోడా కొంచెం కొంచెంగా, ఎప్పుడూ ఆ వరసే. తిరగేస్తే చిమ్ముతుంది, కళ్లు పోతాయి. గ్లోవ్స్, కళ్లద్దాలు ఉండాల్సిందే. అల్యూమినియం సిలిండర్, హెడ్డుకు సోడా తాకనివ్వకండి, తినేస్తుంది. పొగ దారిలోని మసిని చెక్క ముక్కతో గీకండి, స్క్రూడ్రైవర్‌తో కాదు.

నడపడంలో ఒక్క జాగ్రత్త. శ్రీశైలం ఘాట్ లాంటి చోట దిగుతూ యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేరులోనే వదలడం టూ స్ట్రోక్‌కు మంచిది కాదు. చక్రాలు ఇంజిన్‌ను వేగంగా తిప్పుతుంటాయి, ఆయిల్ మాత్రం స్లో లెక్కనే అందుతుంది. పెట్రోల్లో కలిపే బండికైతే మరీ తక్కువ. అరనిమిషానికి ఒకసారి క్లచ్ పట్టి కొంచెం రేజ్ ఇవ్వండి. ఇంజిన్ ఎలాగూ పెద్దగా ఆపదు కాబట్టి బయలుదేరేముందే రెండు డ్రమ్ములూ విప్పించి బ్రేకు లైనింగులు చూపించండి, ఎనిమిదేళ్లకు అవి గాజులా నున్నబడి ఉంటాయి.

కాగితాలు: 1992 బండి ఆర్‌సీ 15 ఏళ్లకే ముగిసి ఉంటుంది. తర్వాత రెన్యువల్ చేయించారో లేదో ఆర్‌సీ మీద చూడండి. ఫారం 25తో రెన్యువల్, ఒక్కోసారి 5 ఏళ్లకు, గ్రీన్ ట్యాక్స్ అదనం. ఇన్‌స్పెక్షన్‌లో చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు చూస్తారు. తుప్పు కింద అంకెలు కనిపించకపోతే బ్రష్‌తో, కిరసనాయిలుతో తుడవండి, గ్రైండర్ పెట్టించకండి, చెరిపేశారన్న అనుమానం వస్తుంది. 2000 మార్చి 31 లోపు తయారైన టూ వీలర్లకు పొల్యూషన్ పరిమితి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9000 పీపీఎం. సీళ్లు బాగుండి, పంపు సర్ది ఉన్న ఆర్‌ఎక్స్ 100 ఇందులో ఇముడుతుంది. పరీక్షకు వెళ్లేముందు బండిని ఒక పది కిలోమీటర్లు గట్టిగా నడిపి, సైలెన్సర్ వేడిగా ఉండగానే పెట్టించండి.

ముందు బీపీ డయల్ పరీక్ష చేసి, నిమిషంలో ముల్లు ఎంత దిగిందో, బుడగలు ఎక్కడ లేచాయో రాయండి. సిలిండర్ విప్పాల్సివస్తే పిస్టన్‌ను నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసి పెట్టండి, తుడవకముందే.